పసరును పట్టిన చిన్న యంత్రం

మన ముదగల్ కోటకు ద్వారాలున్నట్టే మన జీర్ణాశయానికి కూడా చివర ఒక ద్వారం ఉంది. దాన్ని పైలోరస్ అంటారు. గ్రీకు భాషలో ఆ మాటకు ద్వారపాలకుడు అని అర్థం. కాలేయంలో తయారైన పైత్యరసం ఆ ద్వారం దాటిన తర్వాత చిన్నపేగులో కలుస్తుంది. కాపలా సడలితే అది వెనక్కి జీర్ణాశయంలోకి, ఒక్కోసారి గొంతు దాకా వస్తుంది. చేదుగా పచ్చగా వాంతి అయితే మన పెద్దోళ్లు "పసరు కక్కినాడు" అనేది దీన్నే.

దీన్ని కళ్లారా చూసినవాడు అమెరికా సైన్యంలోని డాక్టర్ విలియం బోమాంట్. 1822లో అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అనే యువకుడికి తుపాకీ దెబ్బ తగిలింది. గాయం మానినా కడుపుకు రంధ్రం మిగిలింది. అందులోంచి ఏళ్ల తరబడి పరీక్షలు చేసి, బోమాంట్ 1833లో పుస్తకం రాశాడు. జీర్ణాశయంలో పైత్యరసం మామూలుగా కనబడదని, బాగా కోపం వచ్చినప్పుడు కనబడిందని తెలిపాడు.

కానీ అందరి కడుపుకూ రంధ్రం ఉండదు కదా! తర్వాతి డాక్టర్లు ముక్కులోంచి సన్నని తీగ దించి ఆమ్లాన్ని కొలిచారు. ఆమ్లం తగ్గితే పైత్యరసం వచ్చిందని అనుకునేవారు. అయితే మింగిన ఉమ్మి కూడా ఆమ్లాన్ని తగ్గిస్తుంది. కాబట్టి ఆ లెక్క నమ్మకం కాదు.

ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో పావలో బెకీ అనే డాక్టరు, భౌతికశాస్త్రవేత్తలు కలిసి వేరే దారి పట్టారు. పైత్యరసానికి పసుపు రంగునిచ్చే బైలిరూబిన్ నీలి కాంతిని పీల్చుకుంటుంది. కాంతిని మోసే సన్నని తీగను లోపలికి పంపి, నీలి కాంతి ఎంత తగ్గిందో ఆకుపచ్చ కాంతితో పోల్చి చూశారు. రోగి నడుముకు కట్టుకుని తిరగగలిగే ఈ యంత్రం పేరు బిలిటెక్. ఇది 8 సెకన్లకు ఒకసారి కొలిచేది. అంటే రోజుకు 10,800 సార్లు! దాని పరీక్షా ఫలితాలు 1993లో అచ్చయ్యాయి.

పరీక్షల్లో దాని లోపాలూ బయటపడ్డాయి. బాగా పుల్లని రసంలో అది పైత్యాన్ని సుమారు 30 శాతం తక్కువ చూపింది. రంగున్న ఆహారాన్ని చూసి మోసపోయింది. అందుకే పరీక్ష రోజు రోగికి తెల్లన్నం, పాలు లాంటి రంగులేని తిండే పెట్టాల్సి వచ్చేది. పసుపు వేసిన మన పప్పు, ఎర్ర కారం తింటే లెక్క తప్పేది.

మనోళ్లు కడుపులో మంట అనగానే గ్యాస్ మాత్ర వేసుకుంటారు. ఆ మాత్ర ఆమ్లాన్ని తగ్గిస్తుంది గానీ సడలిన ద్వారాన్ని మూయలేదు. కాబట్టి మంట మళ్లీ మళ్లీ వస్తే డాక్టరుకు చూపించుకోవాలి. యంత్రాన్నే ఇన్నిసార్లు పరీక్షించి నమ్మినప్పుడు, మన జబ్బును పరీక్ష లేకుండా మనమే తేల్చేయడం సరికాదు.