లాంగె కొండల కోడళ్ళు

ఇటాలియన్‌లో పొగమంచుని ‘నెబ్బియా’ అంటారు. నెబ్బియోలో అనే నల్లద్రాక్షకి ఆ మాట నుంచే పేరొచ్చిందని చెప్తారు. దాని పుట్టిల్లు ఇటలీ వాయవ్యాన ఉన్న పియెమొంతె. 1268 నాటి పత్రాల్లోనే తూరిన్ దగ్గరి రివోలిలో దీని ప్రస్తావన ఉంది. ఈ తీగ ముందుగా చిగురిస్తుంది, పండేది మాత్రం అక్టోబరులోనే. అందుకే లాంగె కొండల్లో ఎండ బాగా తగిలే వాలుల్ని దీనికోసం అట్టేపెడతారు. బరోలో, బార్బరెస్కో అనే ఖరీదైన వైన్లు ఈ ఒక్క ద్రాక్షతోనే తయారవుతాయి. 2014లో ఈ తోటల సీమ యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది.

వైన్ గురించి రాసేవాళ్ళు ఇంతవరకూ బాగానే చెప్తారు. నేను మాత్రం ఈ కొండల్ని ఆకలి కథల్లోంచి తెలుసుకున్నాను. ఆల్బా పట్టణంలో పుట్టిన బెప్పె ఫెనోలియో 1954లో ‘లా మలోరా’ అనే చిన్న నవల ప్రచురించాడు. అందులో చితికిపోయిన ఇంటి కుర్రాణ్ణి తండ్రి పాలేరుగా పెడతాడు. ఆ యజమానికీ సొంత పొలం లేదు, పాలుకి చేసుకునే రైతే. నెబ్బియోలో పండని పై కొండల బతుకది. కింద ద్రాక్ష ఊళ్ళలో చిన్నరైతు పరిస్థితీ అంతంతమాత్రమే. పంటని వ్యాపారులకి అమ్ముకోవాలి, ధర చెప్పేది కొనేవాడు.

1946లో ఆల్బాలో ఫెర్రేరో మిఠాయిల కంపెనీ మొదలైంది. తూరిన్‌లో ఫియట్ ఎటూ ఉంది. నెల తిరిగేసరికి జీతం చేతికొచ్చే దారి కనబడ్డాక, ఈ కొండల ఆడపిల్లలు రైతుని చేసుకోమన్నారు. పొలం ఉన్నా పిల్ల దొరకని బ్రహ్మచారులతో ఊళ్ళు నిండిపోయాయి. అప్పుడు రంగంలోకి దిగినవాడు ‘బచాలే’, అంటే అక్కడి పెళ్ళిళ్ళ పేరయ్య. దేశానికి ఆ చివరనున్న కలాబ్రియా నుంచి, అంతకన్నా పేద ఇళ్ళ నుంచి సంబంధాలు తెచ్చాడు. వచ్చిన కోడలికి అత్తగారి భాష అర్థం కాదు. ఇంట్లో ఏమంటున్నారో తెలియకుండానే కాపురం మొదలుపెట్టాలి.

ఇవన్నీ మనకి తెలియడానికి కారణం నూతో రెవెల్లి. టేప్ రికార్డర్ పట్టుకుని కూనెయో జిల్లా ఊళ్ళన్నీ తిరిగి, రైతుల మాటల్ని 1977లో పుస్తకంగా తెచ్చాడు. 1985లో ఆడవాళ్ళ గొంతులతో ఇంకోటి తెచ్చాడు. దాని పేరుకి అర్థం ‘గట్టి లంకె’. గొలుసులో తెగకుండా నిలిచిన లంకె ఆడవాళ్ళేనని ఆయన ఉద్దేశం. దక్షిణాది కోడళ్ళు కూడా అందులో తమ కథ తామే చెప్పుకున్నారు.

ఈ సీమలో కొన్ని వైన్ సీసాల మీద ఇంటిపేరు పక్కన ‘మరియు కుమారులు’ అని ఉంటుంది. ఆ కుమారులు పొలంలో నిలబడటానికి ఎవరో ఒకావిడ ఆ పొలం ఉన్న ఇంటికి కాపురానికి రావాలి కదా. కొన్ని ఇళ్ళకి ఆవిడ రాత్రంతా రైల్లో ప్రయాణం చేసి వచ్చింది. లాంగె చరిత్ర చదవాలనుకునేవాళ్ళకి నేను ముందు రెవెల్లినే చదవమంటాను. వైన్ సంగతి తర్వాత చూసుకోవచ్చు.