కిడ్నీ పేషెంట్ల టిఫిన్: ఇడ్లీ ఓకే.. మరి చట్నీ సంగతేంటి? ఈ పొరపాట్లు చేయొద్దు!

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం అంటే కొబ్బరి తోటలకు పెట్టింది పేరు. కవిటి, సోంపేట వైపు ఎటు చూసినా కొబ్బరి చెట్లే. అదే ఉద్దానాన్ని దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు, అంటే సీకేడీ, ఏళ్ల తరబడి వెంటాడుతోంది. అక్కడే కాదు, ఏ ఊళ్లోనైనా పేషెంట్ రిపోర్టులో పొటాషియం ఎక్కువని వస్తే ముందుగా పక్కన పెట్టాల్సినవాటిలో కొబ్బరి నీళ్లు ఒకటి. ఒంటికి మంచిదని తాగే ఒక గ్లాసు కొబ్బరి నీళ్లలో దాదాపు ఒక అరటిపండులో ఉన్నంత పొటాషియం ఉంటుంది మరి.

ఎక్కువైన పొటాషియాన్ని బయటికి పంపేది కిడ్నీలే. అవి దెబ్బతింటే అది రక్తంలో పేరుకుపోయి గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. చాలాసార్లు ముందస్తు లక్షణాలేవీ కనిపించవు. ఒక్కసారిగా కండరాలు నీరసించినా, గుండె దడ వచ్చినా ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్లాలి.

మరి పొద్దున ఏం తినాలి? మన ఇడ్లీ మంచి ఆప్షనే. బియ్యం రవ్వలో పొటాషియం, ఫాస్ఫరస్ తక్కువ. గ్లాసు మినప్పప్పుకి మూడు గ్లాసుల రవ్వ కలిపి, వంటసోడా వేయకుండా రాత్రంతా పులియబెడితే చాలు. సోడాలోనూ సోడియం ఉంటుంది. (డాక్టర్ రాసిచ్చిన సోడా మాత్రలు వేరే సంగతి, వాటిని సొంతంగా ఆపకూడదు.) పిండిలో ఉప్పు చిటికెడే వేయాలి. ఎందుకంటే రోజు మొత్తానికి ఉప్పు 5 గ్రాములు మించకూడదు, అంటే ఒక టీస్పూన్‌లోపే. కూరలో, పచ్చడిలో వేసింది కూడా ఆ లెక్కలోకే వస్తుంది.

అసలు చిక్కంతా ఇడ్లీ పక్కన వేసుకునే వాటితోనే. పల్లీ చట్నీ, కొబ్బరి చట్నీ, గిన్నెడు సాంబారు.. వీటితో పొటాషియం, ఫాస్ఫరస్ పెరుగుతాయి. ఆవకాయ, కారప్పొడిలో ఉప్పు ఎక్కువ. వీటికి బదులు సొరకాయ చట్నీ ట్రై చేయొచ్చు. కాయ చెక్కు తీసి, సన్నగా తరిగి, ఎక్కువ నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు పారబోయాలి. ముక్కల్లోని పొటాషియం కొంత ఆ నీళ్లతో పోతుంది. పోషకాలు పోతాయని ఆ నీళ్లను చారులో పోస్తే చేసిన పనంతా వృథానే! ఉడికిన ముక్కల్లో వేయించిన ఉల్లిపాయ, పచ్చిమిర్చి, రెండు వెల్లుల్లి రెబ్బలు వేసి రుబ్బి, ఆవాలు, కరివేపాకుతో పోపు పెట్టాలి. చింతపండు బదులు నాలుగు చుక్కల నిమ్మరసం పిండితే ఉప్పు తగ్గిన లోటు పెద్దగా తెలియదు.

చాలామంది తెలియక చేసే తప్పు ఇంకొకటుంది. ఉప్పు తగ్గించాలని మార్కెట్లో దొరికే 'లో సోడియం' ఉప్పు కొంటారు. అందులో సోడియం తగ్గించి కలిపేది పొటాషియం క్లోరైడే! కిడ్నీ పేషెంట్లకు ఇది మామూలు ఉప్పు కన్నా ప్రమాదం కావచ్చు. సైంధవ లవణం కూడా ఉప్పే, అందులోనూ ఉండేది ఎక్కువగా సోడియమే. ఇక రాగి జావ, పెసరట్టు అందరికీ హెల్తీ అయినా, పొటాషియం, ఫాస్ఫరస్ పెరిగినవాళ్లు డాక్టర్‌ని అడగకుండా రోజూ తీసుకోకూడదు.

అలాగని సీకేడీ అనగానే అన్నీ మానేయక్కర్లేదు. పొటాషియం నార్మల్‌గా ఉన్నవాళ్లకు ఇంత కట్టడి అవసరం ఉండకపోవచ్చు. రక్త పరీక్ష చూసి డాక్టర్, డైటీషియన్ చెప్పిందే ఫైనల్. డయాలసిస్ మొదలుకాని వాళ్లకు ప్రొటీన్ సాధారణంగా పరిమితంగానే ఇస్తారు. డయాలసిస్ చేయించుకునేవాళ్లకు మాత్రం పెంచమంటారు. వాళ్లు ఇడ్లీతో పాటు ఉడికించిన గుడ్డు తెల్లసొన తినొచ్చు, అందులో ఫాస్ఫరస్ చాలా తక్కువ. షుగర్ కూడా ఉంటే ఇడ్లీల సంఖ్య ముందే అడిగి పెట్టుకోవాలి. నీళ్లకు లిమిట్ ఉన్నవాళ్లకు టిఫిన్ తర్వాత తాగే కప్పు కాఫీ కూడా ఆ రోజు లెక్కలోకే వస్తుంది.