తీరని బాకీ: బలిజేపల్లి ‘సత్యహరిశ్చంద్రీయం’లో బతుకు లెక్క

హరిశ్చంద్రుడి పేరు వినగానే సత్యం గుర్తొస్తుంది. చిన్నప్పుడు ఆ నాటకం చూసిన గాంధీ, అందరూ హరిశ్చంద్రుడిలా సత్యవంతులు ఎందుకు కాకూడదని తనను తాను ప్రశ్నించుకున్నట్టు ఆత్మకథలో రాసుకున్నాడు. మన విమర్శా ఎక్కువగా ఆ దారినే నడిచింది. బలిజేపల్లి లక్ష్మీకాంతం 1912లో రాసిన ‘సత్యహరిశ్చంద్రీయం’ చదువుతుంటే నాకు వేరే సంగతి తోస్తుంది. ఈ కథను ముందుకు తోసేది అప్పు. విశ్వామిత్రుడు యాగానికని అడిగిన ధనం, చెల్లించడానికి పెట్టిన గడువు, వెంటపడే వసూలుదారు, కాశీలో అమ్మకం, కాటిలో సుంకం: ప్రతి మలుపులోనూ ఎవరో ఒకరు ఇంకొకరికి బాకీ. మనిషి ఎందుకు బతకాలన్న ప్రశ్నకు బలిజేపల్లి ఇచ్చిన జవాబు ఈ బాకీల్లోనే ఉందనీ, తర్వాత అదే రంగస్థలం మీదికి వచ్చిన జాషువా పద్యాలు ఆ జవాబును ఎదిరించాయనీ ఈ వ్యాసంలో చెప్పదలిచాను.

ఈ ఆలోచనకు నెల్లూరు జిల్లా వింజమూరు మెట్ట అనువైన చోటు. ఉదయగిరి, ఆత్మకూరు వైపు నేల వానను నమ్ముకున్న నేల. పక్కనే కలిగిరిలో పొగాకు బోర్డు వేలం కేంద్రం ఉంది. బ్యారన్‌కూ కూలీలకూ ముందే అప్పు తెచ్చి, ఆకు కాల్చి, బేళ్లు కట్టి వేలానికి పెట్టి, బాకీలు పోగా మిగిలింది ఇంటికి తెచ్చుకునే రైతుకు కాశీ వీధిలో జరిగే అమ్మకం పరాయి దృశ్యం కాదు. ఈ నాటకం పల్లెల్లో బాగా ఆడిన రోజుల్లోనే, 1938లో, మద్రాసు ప్రభుత్వం రైతుల రుణభారం తగ్గించడానికి చట్టం తెచ్చింది. రైతు అప్పు శాసనసభ దాకా వెళ్లిన కాలమది. రాజంతటివాడు అప్పులోళ్ల చేతికి చిక్కిన కథను ఆ కాలపు పల్లె తెల్లవార్లూ కూర్చుని చూసిందంటే, కారణం పద్యాల తీపి ఒక్కటే అనుకోలేను.

అప్పు ఈ కథలోకి బలిజేపల్లి తెచ్చింది కాదు. ఐతరేయ బ్రాహ్మణంలోని హరిశ్చంద్రుడు సాక్షాత్తూ ఎగవేతదారు. కొడుకు పుడితే నీకే బలి ఇస్తానని వరుణుడికి మాటిచ్చి, పుట్టాక వాయిదాలు అడుగుతాడు. పళ్లు రానీ, ఊడనీ, మళ్లీ మొలవనీ, ఆయుధం పట్టే వయసు రానీ అంటూ గడువు పెంచుకుంటూ పోతాడు. చివరికి కొడుకు రోహితుడు నూరు ఆవులిచ్చి శునశ్శేపుణ్ణి కొని, తన బదులు బలికి తెస్తాడు. కొడుకు పుడితే తండ్రి రుణం తీరుతుందని నారదుడు చెప్పేదీ ఆ కథలోనే. మార్కండేయ పురాణానికి వచ్చేసరికి ఈ ఎగవేతదారు తలకిందులయ్యాడు. పరాయి బిడ్డ ప్రాణంతో తన బాకీ తీర్చుకోబోయిన ఇంటివాడే ఇప్పుడు సొంత భార్యాబిడ్డల్ని అమ్మి బాకీ తీరుస్తాడు. కన్నడంలో రాఘవాంకుడు, తెలుగులో గౌరన, శంకరకవి ఈ రెండో హరిశ్చంద్రుణ్ణే పెంచారు. బలిజేపల్లికి అందిన సొత్తు అది.

బాపట్ల దగ్గరి ఇటికంపాడులో 1881లో పుట్టి, సినిమాలకూ రాసి, 1953లో శ్రీకాళహస్తిలో కన్నుమూసిన ఈ కవి ఆ సొత్తుకు చేర్చిన బలమంతా వసూలుకు వెంటపడే విశ్వామిత్రుడి శిష్యుడు నక్షత్రకుడిలో కనిపిస్తుంది. నక్షత్రకుడు దుర్మార్గుడు కాడు, అదే అతని భయంకరత్వం. గురువు పంపితే వచ్చాడు, అతనికీ ఆకలేస్తుంది, కాళ్లు లాగుతాయి. అడవిలో కూలబడి ‘నడవలేను’ అంటాడు, ఆ అలసట కూడా రాజు పద్దులోకే ఎక్కుతుంది. ఒక్క మాట, ఇస్తానని అనలేదని ఒక్క మాట చెబితే వదిలేస్తానని పదేపదే ఆశ చూపిస్తాడు. ‘వెనిస్ వర్తకుడు’లో పోర్షియా పత్రంలోని అక్షరాన్ని పట్టుకుని అప్పును కొట్టేయిస్తుంది. బలిజేపల్లి హరిశ్చంద్రుడు అలాంటి సందు కోసం వెతకడు, చూపించినా దూరడు. ఎందుకు దూరడు? నరకానికి భయపడి అనిపించదు. బాకీ తీర్చడం మానేస్తే తాను ఎవరో తనకే తెలియకుండా పోతుంది. రాజ్యం, పేరు, కులం, చివరికి ఒంటి మీది గుడ్డ కూడా పోయాక అతనికి మిగిలిన ఆనవాలు అతను ఇవ్వాల్సిన మొత్తం ఒక్కటే. 1935లో వచ్చిన ‘హరిశ్చంద్ర’ సినిమాలో అద్దంకి శ్రీరామమూర్తి హరిశ్చంద్రుడైతే పులిపాటి వెంకటేశ్వర్లు నక్షత్రకుడు. రంగస్థలం మీద కూడా పులిపాటి పేరు ఆ పాత్రతోనే నిలిచిపోయింది. వసూలుదారు పాత్రకు అంత పేరు రావడం నాటకం గురించీ ప్రేక్షకుల గురించీ ఒకేసారి సాక్ష్యం చెబుతుంది.

పుట్టుకతోనే మనిషి దేవతలకూ ఋషులకూ పితరులకూ రుణపడతాడని వేదం చెప్పిన లెక్క ఒకటుంది. ఇంగ్లీషు మధ్యయుగపు ‘ఎవ్రీమాన్’ నాటకంలోనూ మృత్యువు వచ్చి లెక్కల పుస్తకం అడుగుతుంది. ఆ రెండింటిలోనూ అప్పిచ్చినవాడు పైవాడు. బలిజేపల్లి దగ్గర మనిషికి మనిషే బాకీ: విశ్వామిత్రుడికి, కొన్న యజమానికి, చివరికి కాటి పెద్ద వీరబాహుకు. సొంత కొడుకు శవానికి సుంకం అడిగినప్పుడు ఈ తర్కం దాని కొసకు చేరుతుంది. ఆ సుంకంలో యజమాని వాటా ఉంది, దాన్ని వదులుకునే హక్కు కాపరికి లేదు. ప్రేమ కూడా యజమాని సొమ్మును మాఫీ చేయలేదు. ఇది గొప్ప ధర్మమా, బానిస మనసు తన గొలుసును తానే మెరుగుపెట్టుకోవడమా? నాటకం ఈ ప్రశ్న అడగదు. మనం అడగాలి.

ఆ ప్రశ్నను రంగస్థలమే ఒక విధంగా అడిగింది. గుర్రం జాషువా (1895–1971) ‘శ్మశానవాటి’ పద్యాలను నటులు కాటిసీనులోకి తెచ్చుకున్నారు. క్రమంగా అవి లేని కాటిసీను ప్రేక్షకులకు వెలితిగా తోచేంతగా అతికిపోయాయి. పద్య నాటకంలో ఒకే రాత్రి మొదటి హరిశ్చంద్రుడు, రెండో హరిశ్చంద్రుడు అంటూ నటులు మారడం మామూలే. అక్కడ నటులు మారతారు. కాటిలో కవే మారిపోయాడు. బలిజేపల్లి కాటిలో ఇంకా సుంకం నడుస్తోంది, యజమాని ఉన్నాడు, వాటాలున్నాయి. జాషువా కాటిలో కవి కలమూ రాజు ముద్రికా ఒకే బూడిదలో కలిసిపోతాయి, పైకులం కిందికులం ఒకే మట్టిలో సర్దుకుంటాయి. మొదటి కవి చావు ముందు కూడా బాకీ ఉంటుందంటాడు. రెండో కవి అక్కడ అన్ని బాకీలూ రద్దంటాడు. ఈ రెండు మాటలూ ఒకే నోట, ఒకే శ్రుతిలో వినిపిస్తాయి. హార్మోనియం ఆ అతుకును కప్పేస్తుంది.

అతుకు చిన్నది కాదు. బలిజేపల్లి కథలో రాజు పతనాన్ని కొలిచే కొలబద్ద కులమే. విశ్వామిత్రుడు పంపిన మాతంగ కన్యలను పెళ్లాడలేక రాజ్యం వదులుకున్నవాడు చివరికి వీరబాహుకు అమ్ముడుపోతాడు. ప్రేక్షకుడి కంట నీరు తెప్పించేది ఆ దూరమే. వీరబాహును నవ్వులపాలు చేసే తాగుడు దృశ్యాన్ని నేను ఈ నాటకానికి మచ్చగానే చూస్తాను. కథ ముగింపులో దేవతలు దిగి రాజుకు సింహాసనం తిరిగి ఇస్తారు, కాటి కులం కాటిలోనే ఉండిపోతుంది. అంటరానితనాన్ని ఒంటి మీద మోసిన కవి పద్యాలు ఆ రాజు నోటికి ఎక్కినంతసేపు మాత్రం ఆ ముగింపు వాయిదా పడుతుంది.

ఇక చంద్రమతి. తన్ను అమ్మమని భార్యే ముందుకు రావడం మార్కండేయ పురాణం నాటి నుంచీ ఉంది. ఆమె ఎవరికీ ఏ మాటా ఇవ్వలేదు, ఎవరి దగ్గరా పైసా తీసుకోలేదు. అయినా అమ్ముడుపోయేవాళ్లలో ఆమెదే ముందు వంతు. భర్త జీవితానికి అర్థం బాకీ తీర్చడమైతే, ఆ బాకీకి వెలగా మారడమే ఆమె జీవితానికి అర్థమా? ఈ చోట నాటకం ఆమెను పొగిడి తప్పుకుంటుంది. వింజమూరు పక్కన కలిగిరి మండలంలోనే దూబగుంట ఉంది. అక్షరాలు నేర్చుకున్న ఆ ఊరి ఆడవాళ్లు, మగవాళ్ల తాగుడు ఖర్చు తమ కూలి డబ్బుల్లోంచి పోవడానికి ఒప్పుకోక, 1992లో సారా దుకాణం మీదికి కదిలారు. నెల్లూరులో సారా వేలంపాటలు సాగకుండా ఆడవాళ్లు అడ్డుపడ్డారు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. తాము చేయని బాకీకి తామెందుకు చెల్లించాలన్నది వాళ్ల ప్రశ్న. కాశీ వీధిలో చంద్రమతికి ఏ కవీ ఆ ప్రశ్న రాసి ఇవ్వలేదు.

చంద్రమతి మీద ఎత్తిన కత్తి పూలదండ అయ్యాక చనిపోయిన కొడుకు లోహితుడు లేచి వస్తాడు, రాజ్యం వస్తుంది, అంతా పరీక్షేనని విశ్వామిత్రుడు చెబుతాడు. అంటే ఆ అప్పు అసలు అప్పే కాదన్నమాట. నాటకం తన తర్కాన్ని తానే కొట్టేసుకునే ఈ ఘట్టం నాకు బలహీనంగా తోస్తుంది. హరిశ్చంద్రుడు పోగొట్టుకున్న ప్రతి వస్తువుకూ అక్కడ లెక్క చెబుతారు. తనను కొన్న కాలకౌశికుడి ఇంట్లో చంద్రమతి చేసిన చాకిరీని మాత్రం ఎవరూ పద్దులో రాయరు.