నొప్పి లేని పుండు

దిల్‌సుఖ్‌నగర్ నుండి గాని, ఎల్.బి. నగర్ నుండి గాని రెడ్‌హిల్స్‌లోని క్యాన్సరు ఆసుపత్రికి పోవుట నేడు పెద్ద ప్రయాణము కాదు. 2018 సెప్టెంబరులో అమీర్‌పేట, ఎల్.బి. నగర్‌ల నడుమ మెట్రో రైలు ప్రారంభమైనది. చైతన్యపురి, దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేటల మీదుగా పోయి లక్డీకాపూల్‌లో దిగినచో ఆసుపత్రి చేరువనే యుండును. 1955లో స్థాపింపబడి, మెహదీ నవాజ్ జంగ్ పేర నడచుచున్న ఈ ఎం.ఎన్.జె. ఆసుపత్రి ప్రభుత్వ సంస్థ. అయినను చర్మముపై పుట్టిన క్యాన్సరు నెలలు, ఒక్కొక్కప్పుడు సంవత్సరములు గడచిన పిదప గాని వైద్యుని కంట పడదు. ఊపిరితిత్తులలో పుట్టిన వ్రణము తెలియకపోవుట సహజము. ఎదుట కనబడుచున్న దానికి ఇంత ఆలస్యమేల? ఇందుకు కారణము దారి పొడవులో లేదు. రెండున్నర శతాబ్దముల వైద్య చరిత్రలో వెదకవలెను.

1775లో లండను నగరమున పెర్సివల్ పాట్ అను శస్త్రవైద్యుడు ఒక చిన్న వ్యాసము ప్రకటించెను. ఆ కాలమున ఇండ్ల పొగగొట్టములు ఇరుకుగా నుండెడివి. వానిని ఊడ్చుటకు పసిపిల్లలను లోనికి ఎక్కించెడివారు. మసి వారి చర్మపు ముడుతలలో నిలిచిపోయెడిది. వారు పెరిగి పెద్దవారైన తరువాత వృషణముల తిత్తిపై ఒక పుండు లేచెడిది. పనివాండ్రు దానిని మసి మొటిమ అనుకొనెడివారు. వైద్యులు సుఖవ్యాధి యని తలచి పాదరసపు మందులు ఇచ్చెడివారు. ఆ మందులతో పుండు మానకపోగా మరింత ముదురుననియు, పుండు చిన్నదిగా నున్నప్పుడే కోసివేయవలెననియు, లోని అవయవములకు ప్రాకిన తరువాత కత్తి వలన ప్రయోజనము లేదనియు పాట్ వ్రాసెను. ఒక వృత్తి వలన క్యాన్సరు కలుగునని చూపిన మొదటి గ్రంథముగా ఈ వ్యాసము ప్రసిద్ధి కెక్కినది. కాని ఆలస్యమును గూర్చి కూడ ఇదియే మొదటి పాఠము. రోగి మొటిమ యనుకొనెను. వైద్యుడు మరొక రోగమనుకొనెను. ఈ రెండు పొరపాట్ల నడుమ పుండు పెరిగినది. ఆ పిల్లలను పొగగొట్టముల నుండి తప్పించుటకు ఇంగ్లండులో గట్టి చట్టము 1875లో గాని రాలేదు. అక్కడ ఆలస్యమునకు సరిగా నూరేండ్లు!

నాటి పాదరసము స్థానమున నేడు స్టెరాయిడు లేపనము వచ్చినది. మానని మచ్చ కనబడగానే మందుల దుకాణమునకు పోయి, పేరు చెప్పి ఒక గొట్టము కొని తెచ్చుకొనుట మన నగరములలో మామూలు. ఆ లేపనము ఎరుపును, దురదను అణచును. రోగి తృప్తి చెందును. అడుగున కణములు మాత్రము తమ పని మానవు. 2018లో కేంద్ర ప్రభుత్వము ఇట్టి లేపనములు పెక్కింటిని వైద్యుని చీటీ లేనిదే అమ్మరాదని ఉత్తరువు చేసినది. ఉత్తరువు వేరు, అలవాటు వేరు.

మన భాషలో క్యాన్సరుకు పాత పేర్లు లేకపోలేదు. రాచపుండు, పుట్టకురుపు అని పెద్దలు అనెడివారు. అయితే ఈ పేర్లు బాగుగా ముదిరి, విచ్చి, చుట్టును తినివేసిన దశకు పెట్టినవి. బఠాణీ గింజంత యున్నప్పుడు దానికి వేరు పేరు లేదు. అరికాలిలో నున్నచో ఆనెకాయ, గోటి అడుగున నున్నచో గోరుచుట్టు, మరొకచోట నున్నచో ఉత్త పులిపిరి. పేరు చిన్నదైనప్పుడు భయము కూడ చిన్నదిగనే యుండును.

దీనికి తోడు పుస్తకములలో కనబడు చర్మ క్యాన్సరు బొమ్మ మనది కాదు. ఆస్ట్రేలియా వంటి దేశములలో తెల్లని చర్మముగలవారికి ఎండ తగిలి ముఖముపై వచ్చు వ్యాధిని గూర్చియే ఎక్కువగా వ్రాసియున్నారు. మన చర్మములోని మెలనిన్ అను నల్లని రంగు సూర్యుని అతినీలలోహిత కిరణములను చాలవరకు అడ్డగించును. కనుక మనలో ఈ వ్యాధి అరుదు. అరుదు కనుకనే అనుమానము ఆలస్యముగా కలుగును. వచ్చినప్పుడు తరచుగా ఎండ సోకని చోటులనే వచ్చును. కాలిన మచ్చ అందులో నొకటి. కిరసనాయిలు పొయ్యి అంటుకొని చిన్ననాట కాలు కాలినవారికి, ఇరువది ముప్పది సంవత్సరముల తరువాత ఆ మచ్చపైననే పుండు పడి క్యాన్సరుగా మారవచ్చును. ఫ్రాన్సు దేశపు మార్జొలిన్ 1828లో ఇట్టి పుండ్లను వర్ణించెను గాని, అవి క్యాన్సరని ఆయనకును తెలియదు. 1945లో బొంబాయిలోని టాటా మెమోరియల్ ఆసుపత్రికి చెందిన ఖానోల్కర్, సూర్యాబాయి అనువారు, పంచె బిగించి కట్టుకొను నడుమువద్ద ఒరిపిడి వలన కలుగు క్యాన్సరును లోకమునకు తెలిపిరి. నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లిలో 1915లో ఇసబెల్ కెర్ దంపతులు కుష్ఠురోగులకై ఆసుపత్రి నెలకొల్పిరి. ఆ వ్యాధిలో అరికాలు స్పర్శజ్ఞానము కోల్పోవును. అచ్చట పడిన పుండు ఏండ్ల తరబడి మానక, కొందరిలో క్యాన్సరగును. నొప్పి లేకపోవుట ఇక్కడ వరము కాదు, శాపము.

అనుమానము కలిగినను తీరునట్టి మార్గము 19వ శతాబ్దము చివర గాని స్థిరపడలేదు. పారిస్ నగరమున ఎర్నెస్ట్ బెస్నియే అను చర్మవైద్యుడు, బ్రతికియున్న రోగి నుండి చిన్న ముక్క తీసి సూక్ష్మదర్శినిలో పరీక్షించుటకు 1879లో బయాప్సీ అను పేరు పెట్టెను. నేడు మత్తు సూదివేసి కొద్ది నిమిషములలో ముగించు ఈ పనికి మనవారు మిక్కిలి వెనుదీయుదురు. కత్తి తగిలినచో క్యాన్సరు రేగి ఒళ్లంతయు ప్రాకునను నమ్మకము చదువుకొన్నవారిలోను కలదు. ముక్క తీయుట వలన చర్మ క్యాన్సరు వ్యాపింపదు. తీయక వాయిదా వేయుట వలన వ్యాపించును. 

ఈ వాయిదాను కొలువవచ్చునా? 1970లో అమెరికాలో అలెగ్జాండర్ బ్రెస్లో కొలిచి చూపెను. పుట్టుమచ్చవలె నుండి ప్రాణము తీయు మెలనోమా చర్మములో ఎంత లోతునకు దిగినదో ఆయన సూక్ష్మదర్శినికి అమర్చిన కొలబద్దతో లెక్కించెను. 0.76 మిల్లీమీటరుకంటె పలుచనివి కోసివేసినచో రోగులు సాధారణముగా కోలుకొనిరి; లోతు పెరిగినకొలది ఆశ తగ్గినది. ఒక మిల్లీమీటరైనను లేని మందములో ఒక జీవితము! నల్లనివారిలో ఈ వ్యాధి అరికాళ్లలోను, గోళ్ల క్రిందను వచ్చుట ఎక్కువ. జమైకా గాయకుడు బాబ్ మార్లే కాలి బొటనవేలి గోటి క్రింది గాయము బంతియాటలో తగిలిన దెబ్బ అనుకొనెను. 1977లో అది మెలనోమా అని తేలినది. వేలు తీసివేయుటకు ఆయన ఒప్పుకొనలేదు. 1981లో, 36వ ఏట మరణించెను.

చికిత్స మాత్రము వెనుకబడలేదు. ఎక్స్ కిరణములు కనుగొన్న నాలుగేండ్లకే, 1899లో, స్టాక్‌హోమ్‌లో ఒక స్త్రీ ముక్కుపై నున్న చర్మ క్యాన్సరును వానితో మాన్పనారంభించిరి. ఆ కిరణములతో పనిచేయువారి చేతులపైననే క్యాన్సరు పుట్టుట 1902లో బయటపడినది గాని అది వేరు కథ. ధన విషయమున ఆలస్యము తగ్గించుటకు 2007లో ఆరోగ్యశ్రీ పథకము వచ్చినది. దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి. నగర్‌ల మధ్య, గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టు ఉండిన స్థలమున పెద్ద ప్రభుత్వ ఆసుపత్రికి 2022లో శంకుస్థాపన జరిగినది. వైద్యము రోగికి దగ్గరగా జరుగుచునే యున్నది. రోగి వైద్యమువైపు వేయవలసిన మొదటి అడుగే ఇంకను పాతకాలమున నిలిచియున్నది.

పిల్లల విషయమున ఆ అడుగు ఉపాధ్యాయులు వేయవలసి రావచ్చును. వియన్నా నగరపు కపోసి 1870 ప్రాంతమున వర్ణించిన జీరోడెర్మా పిగ్మెంటోసమ్ అను అరుదైన వ్యాధి యొకటి కలదు. అతినీలలోహిత కిరణముల వలన కణములోని డి.ఎన్.ఏ.కు కలుగు దెబ్బను ఈ రోగుల శరీరము బాగుచేసుకొనలేదని కాలిఫోర్నియాలో జేమ్స్ క్లీవర్ 1968లో కనుగొనెను. తల్లిదండ్రులిద్దరి నుండి లోపముగల జన్యువు సంక్రమించినప్పుడే ఇది పైకి వచ్చును. మేనరికములు, మేనమామ పెండ్లిండ్లు ఆచారముగా నున్న తెలుగు కుటుంబములలో ఆ అవకాశము హెచ్చు. మొదట కనబడునది క్యాన్సరు కాదు. రెండు మూడేండ్లకే ముఖమునను, చేతులపైనను నువ్వు గింజలవంటి మచ్చలు దట్టముగా లేచును. వెలుతురు చూడలేక కన్నులు మూసికొనును. ఇంటివారు ఎండపొడ యనుకొందురు. ఇట్టి బిడ్డను ఉదయపు ప్రార్థనకు ఎండలో నిలుపరాదు, కిటికీ ప్రక్కన కూర్చుండబెట్టరాదు. ఆటల గంటలో నీడను ఉంచి, చర్మవైద్యునికి చూపుమని తల్లిదండ్రులకు ఆ వారమే చెప్పవలెను. ఎండనుండి కాపాడనిచో పదియేండ్లు నిండకముందే మొదటి క్యాన్సరు కనబడుట కద్దు.