రెండు దర్బారుల నడుమ: కడప, కర్నూలు, బనగానపల్లె సంస్థానాల పేష్కష్ రాజకీయం

పద్దెనిమిదో శతాబ్దపు దక్కను చరిత్రను హైదరాబాదు, పూనా, శ్రీరంగపట్నం అనే మూడు దర్బారుల చరిత్రగా రాయడం పరిపాటి. తుంగభద్రకు దక్షిణాన, నల్లమల కొండలకు ఇరువైపులా, పెన్నా లోయ వెంబడి రాజ్యం చేసిన చిన్న పాలకులు ఆ రచనల్లో రెండే సందర్భాల్లో కనిపిస్తారు: కప్పం ఎగ్గొట్టినప్పుడు, ద్రోహం చేసినప్పుడు. కడప మయానా నవాబులకూ, కర్నూలు పన్నీ నవాబులకూ ‘నమ్మదగని పఠాన్లు’ అన్న ముద్ర ఈ విధంగానే పడింది. ఆ ముద్ర వేసినవారు ప్రధానంగా హైదరాబాదు దర్బారు చరిత్రకారులు, వారి వెనుక కంపెనీ రచయితలు. పెద్ద దర్బారు వైపు నుంచి చూసినప్పుడు కనిపించే ద్రోహం, చిన్న సంస్థానం వైపు నుంచి చూస్తే చాలా వరకు బకాయిల లెక్క. ఆ లెక్క ఎంతకాలం సాగింది, ఎక్కడ తప్పింది, దాని ఖర్చు ఎవరు భరించారు అన్నవి ఈ వ్యాసం పరిశీలించే అంశాలు.

ఈ సంస్థానాలను నేటి అర్థంలో స్వతంత్ర దేశాలని అనడానికి వీలులేదు. 1724లో షకర్‌ఖేడ యుద్ధంలో ముబారిజ్ ఖాన్‌ను ఓడించి దక్కనులో నిలదొక్కుకున్న నిజాముల్ముల్క్‌కు ఈ నవాబులందరూ సిద్ధాంతరీత్యా అధీనులు. వారసత్వానికి సనదు అక్కడి నుంచే రావాలి. పేష్కష్ అక్కడికే చెల్లాలి. యుద్ధానికి పిలుపు వస్తే సొంత పటాలాలతో వెళ్లాలి. ఆచరణలో మాత్రం ఖిల్లా, సైన్యం, శిస్తు వసూలు నవాబు చేతిలోనే ఉండేవి. పేష్కష్ అన్నది నిర్ణీత గడువుకు దానంతటదే చేరే మొత్తం కాదు. పెద్ద సైన్యం పొలిమేరకు వచ్చి దిగినప్పుడు బేరమాడి కొంత చెల్లించడం, మిగిలినది బకాయిగా రాయించుకోవడం అప్పటి మామూలు. వానాకాలంలో తుంగభద్ర పొంగితే సైన్యాలకు దాటడం కష్టం. కర్నూలు కోట ఆ నదీ, హంద్రీ కలిసే చోట ఉంది. నది పొంగిన నెలలు కర్నూలు నవాబుకు గడువు పొడిగించినట్టే లెక్క.

దాదాపు అదే కాలంలో గోర్ఖా రాజు పృథ్వీనారాయణ్ షా తన రాజ్యాన్ని రెండు బండల మధ్య ఇరుక్కున్న కందతో పోల్చాడు. ఆ పోలిక కర్నూలుకూ సరిపోతుంది, ఒక్క భేదంతో. నేపాల్‌కు హిమాలయాలు కాపు. కర్నూలుకు పడమటి వైపు అంతా నల్లరేగడి మైదానం.

ఈ రాజకీయంలోని లోతుపాతులు 1750-51 నాటి ఘటనల్లో స్పష్టంగా కనిపిస్తాయి. నాసిర్ జంగ్ కర్ణాటకంలోకి దండెత్తినప్పుడు కడప, కర్నూలు, సవనూరు పఠాన్ నవాబులు తమ పటాలాలతో ఆయన వెంట నడిచారు. నడుస్తూనే పుదుచ్చేరిలోని డూప్లేతో రహస్యంగా ఉత్తరప్రత్యుత్తరాలు జరిపారు. 1750 డిసెంబరు 16న జింజీ సమీపంలోని శిబిరంలో నాసిర్ జంగ్ ఒక పఠాన్ నవాబు తుపాకికి బలయ్యాడు. కాల్చినవాడు కర్నూలు హిమ్మత్ ఖానా, కడప నవాబా అన్న విషయంలో ఆకరాలు ఏకీభవించవు. అధికారం ముజఫర్ జంగ్‌కు దక్కింది. వెంటనే నవాబులు తమ వాటా అడిగారు. పేష్కష్ బకాయిల మాఫీ, భూభాగ విస్తరణ, నాసిర్ జంగ్ ఖజానాలో భాగం ఆ కోరికలు. ఈ కోరికల్లో బకాయిల మాఫీకి ఇవ్వవలసిన ప్రాధాన్యాన్ని చరిత్రకారులు ఇవ్వలేదు. ఖజానాలో వాటా దురాశగా కనిపిస్తుంది కనుక దానినే ఎత్తి చూపారు. నిజానికి బకాయి అన్నది పెద్ద దర్బారు చేతిలో ఎప్పుడూ ఉండే కొరడా. దానిని సాకుగా చూపి ఏ సంవత్సరమైనా దండయాత్ర చేయవచ్చు, ఏ వారసుడినైనా కాదనవచ్చు. నవాబులు వదిలించుకోదలచింది ఆ కొరడానే.

ముజఫర్ జంగ్ వారి కోరికలన్నిటినీ తీర్చలేదు. 1751 ఫిబ్రవరిలో ఫ్రెంచి సేనాని బుస్సీ రక్షణలో ఆయన హైదరాబాదుకు మరలినప్పుడు దారి కడప నవాబు సీమ గుండా సాగింది. రాబర్ట్ ఓర్మ్ రాసిన చరిత్ర ప్రకారం, ఆ సైన్యంలోని రౌతులు కొందరు దారిలోని పల్లెలకు నిప్పు పెట్టడంతో ఘర్షణ మొదలైంది. రాయచోటి సమీపంలో, లక్కిరెడ్డిపల్లె దగ్గర జరిగిన పోరులో ముజఫర్ జంగ్, హిమ్మత్ ఖాన్ ఇద్దరూ మరణించారు. రెండు నెలల్లోపు ఇద్దరు దక్కను పాలకులు పఠాన్ నవాబుల వల్ల చనిపోయారు. బుస్సీ అప్పటికప్పుడు సలాబత్ జంగ్‌ను గద్దెనెక్కించాడు. ఆ సైన్యమే మార్చి నెలలో కర్నూలు కోటపై పడి దానిని పట్టుకుంది.

నవాబుల పొరపాటు దగాకోరుతనం కాదు. అంతవరకు వారి బలం రెండు పక్షాల్లో దేనికీ పూర్తిగా చెందకపోవడంలో ఉంది. 1750లో వారు ఒక పక్షాన్ని తామే నిలబెట్టాలని చూశారు. అలా నిలబెట్టినవాడు ఎదురు తిరిగితే ఆశ్రయించడానికి రెండవ పక్షం మిగలలేదు. ఫ్రెంచివారు అప్పటికే ముజఫర్ జంగ్ వెంట ఉన్నారు.

ఆ తరువాత కడప, కర్నూలు దారులు వేరయ్యాయి. కడప సంపన్నమైనది. పద్దెనిమిదో శతాబ్ది పూర్వార్ధంలో దాని అధికారం దక్షిణాన బారామహల్ దాకా వ్యాపించింది. మైసూరుకూ, తూర్పు కర్ణాటకానికీ పోయే కనుమలు దాని చేతిలో ఉన్నాయి. కాబట్టి దానిని మధ్యస్థంగా వదిలేయడం పొరుగువారిలో ఎవరికీ లాభం కాలేదు. 1757 సెప్టెంబరులో బల్వంతరావ్ మెహెందళే నాయకత్వాన మరాఠాలు కడప వద్ద నవాబు అబ్దుల్ మజీద్ ఖాన్‌ను హతమార్చారు. చివరి నవాబు అబ్దుల్ హలీమ్ ఖాన్ నిజాముకూ హైదర్ అలీకీ మధ్య ఊగిసలాడుతూ ఇరవై ఏళ్లు నెట్టుకొచ్చాడు. అయితే 1776లో గుత్తి మురారిరావు ఘోర్పడే హైదరుకు చిక్కడంతో ఆ ఊగిసలాటకు చోటు తగ్గింది. గుత్తి ఉన్నంతకాలం మైసూరుకూ కడపకూ నడుమ అడ్డుగా మరొక చిన్న శక్తి ఉండేది. అది పోయిన మూడేళ్లకు, 1779లో, సిద్ధవటం హైదరు వశమైంది. అబ్దుల్ హలీమ్ ఖాన్ బందీగా శ్రీరంగపట్నం చేరాడు. చిన్న రాజ్యానికి పెద్ద పొరుగు ఎంత ముఖ్యమో, పక్కనున్న మరొక చిన్న రాజ్యం కూడా అంతే ముఖ్యమన్నది గుత్తి విషయంలో రుజువైంది. కడప చరిత్రలు గుత్తి పతనాన్ని వేరే ప్రకరణంగా చెప్పి వదిలేయడం వల్ల ఈ సంబంధం మరుగున పడింది.

కర్నూలు అంత విస్తారమైనది కాదు, అంత సంపన్నమూ కాదు. 1751 దెబ్బ తరువాత హైదరాబాదులో గద్దె ఎవరిదన్న వ్యవహారంలో అది మళ్లీ చేయి పెట్టలేదు. నిజాముకు చెల్లించింది, మైసూరు బలపడ్డప్పుడు మైసూరుకూ చెల్లించింది. 1786లో ఆదవానిని టిప్పు పట్టుకోవడంతో మైసూరు సరిహద్దు కర్నూలు గడపకు వచ్చింది. 1792 శ్రీరంగపట్నం సంధిలో కడప నిజాముకు దక్కినా, కర్నూలు పేష్కష్ తమదంటే తమదని నిజామూ టిప్పూ వాదించుకున్నారు. నవాబు రణమస్త్ ఖాన్ మరణానంతరం కొడుకుల మధ్య వచ్చిన వారసత్వ తగాదా ఆ వాదానికి తోడైంది. గవర్నర్ జనరల్ సర్ జాన్ షోర్ ఆ వివాదంలో కంపెనీని యుద్ధానికి దింపడానికి సిద్ధపడలేదు. ఇద్దరు యజమానులు ఒకే కప్పాన్ని కోరడం పైకి ప్రమాదంగా కనిపిస్తుంది. కర్నూలుకు అదే రక్ష అయింది. ఒకరు దానిని మింగబోతే రెండవవారు ఊరుకోరు.

బనగానపల్లె ఈ పద్ధతికి మరీ చిన్న నమూనా. దాని జాగీర్దారు హుసేన్ అలీ ఖాన్ నిజాముకు అధీనుడైనప్పటికీ హైదరు పక్షాన కొలువు చేశాడు. 1783లో ఆయన మరణించగా, వారసుడు బాలుడు కావడం అదనుగా టిప్పు జాగీరును స్వాధీనం చేసుకున్నాడు. కుటుంబం హైదరాబాదును ఆశ్రయించింది. బాలుని పినతండ్రి అసద్ అలీ ఖాన్ కొన్నేళ్లకు తిరిగివచ్చి జాగీరును రాబట్టాడు. ఒక తలుపు మూసుకుంటే రెండవ తలుపు తట్టగలగడమే అక్కడ జరిగిన మొత్తం దౌత్యం.

ఈ సమతూకానికి మూల్యం నవాబుల బొక్కసం నుంచి వచ్చిందనుకోవడం పొరపాటు. ఒకే ఏడు ఇద్దరికి చెల్లించవలసి వస్తే రెండవ కప్పం వానాధారపు మెట్ట పొలాల నుంచే రావాలి. దీనికి దర్బారు పత్రాల కన్నా తెలుగు కైఫీయత్తులు మంచి ఆకరాలు. కాలిన్ మెకంజీ సహాయకులు సేకరించిన వాటిలో కడప జిల్లావి సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం ద్వారా సంపుటాలుగా వెలువడ్డాయి. ఆ గ్రామ చరిత్రలు యుద్ధాలను జయాపజయాలుగా చూడవు. ఏ దొరతనంలో ఊరు పాడుబడింది, ఎవరి హయాములో మళ్లీ కుదురుకుంది, దేవుని మాన్యం ఎప్పుడు జప్తయింది అన్నవి వాటి దృష్టి. వాటిని వాడేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. అవి కంపెనీ పాలన వచ్చాక, ఇనాములపై విచారణలు నడుస్తున్న రోజుల్లో కరణాలు రాయించినవి. పూర్వపు పాలకుడు ఇచ్చిన మాన్యాన్ని నిరూపించుకోవలసిన అవసరం రాసినవారికి ఉంది. అయినా ఊళ్లు ఖాళీ కావడం గురించిన కథనాలు ఇన్ని గ్రామాల నుంచి ఒకే తీరున రావడాన్ని స్వార్థంతో మాత్రమే వివరించలేము. పై అధికారం అస్థిరంగా ఉన్నచోట పాలెగాళ్లు బలపడ్డారు. 1800లో థామస్ మన్రో ఈ మండలాల బాధ్యత స్వీకరించేనాటికి దాదాపు 80 మంది పాలెగాళ్లు కావలి రుసుములు, శిస్తులు తామే వసూలు చేసుకుంటున్నారు. నవాబు రెండు దర్బారుల మధ్య చేసిన పనినే పాలెగాడు నవాబుకూ సుబేదారుకూ మధ్య చేశాడు. రైతుకు మాత్రం అలా మధ్యన నిలబడే చోటు లేదు. ఊరు విడిచిపోవడం ఒక్కటే అతని చేతిలో ఉన్న బేరం.

1799 మే 4న టిప్పు మరణించాడు. 1800 అక్టోబరు 12 ఒడంబడికతో నిజాము తనకు 1792లోనూ 1799లోనూ దక్కిన మైసూరు భూభాగాలను కంపెనీకి ధారాదత్తం చేశాడు. కడప నేరుగా కంపెనీ జిల్లా అయింది. కర్నూలు విషయంలో బదిలీ అయినది భూమి కాదు, ఏటా లక్ష రూపాయల పేష్కష్ పుచ్చుకునే హక్కు. నవాబు, కోట, సైన్యం యథాతథంగా ఉన్నాయి. మారినదల్లా తుంగభద్రకు ఇరువైపులా ఇప్పుడు ఒకే మాట చెల్లడం. నదికి ఉత్తరాన నిజాము కూడా సైన్యసహకార ఒప్పందంతో కంపెనీకి కట్టుబడినవాడే. ఆ మార్పు ఎంత పెద్దదో వారసత్వాల్లో తెలిసింది. 1815లో అలఫ్ ఖాన్ మరణించగా, గద్దెపై ఎవరు కూర్చోవాలో బళ్లారి నుంచి వచ్చిన కంపెనీ సైన్యం తేల్చింది. 1823లోనూ నిర్ణయం కంపెనీదే. నవాబు గులాం రసూల్ ఖాన్ ఆ ఏర్పాటులో గద్దెనెక్కినవాడు.

1839లో నిజాము సోదరుడు ముబారిజుద్దౌలాపై కుట్ర ఆరోపణ వచ్చినప్పుడు విచారణ కర్నూలు దాకా పాకింది. కోటలోనూ అంతఃపుర ప్రాంగణంలోనూ భారీగా ఫిరంగులు, మందుగుండు బయటపడ్డాయి. అవి తిరుగుబాటుకే దాచినవని కంపెనీ తీర్మానించింది. పాత కాలపు నవాబు కోటలో ఆయుధాలు పోగుచేయడం అతని రాజకీయంలో సహజమైన భాగమన్నదీ ఆలోచించవలసిందే. ఇద్దరు పొరుగువారున్నప్పుడు అది ముందుజాగ్రత్త, ఒక్కరే మిగిలినప్పుడు రాజద్రోహం. అక్టోబరు 18న జోరాపురం వద్ద జరిగిన పోరుతో కర్నూలు నవాబుల పాలన ముగిసింది. గులాం రసూల్ ఖాన్‌ను తిరుచిరాపల్లికి పంపారు. మరుసటి ఏడాది అక్కడే ఆయన హత్యకు గురయ్యాడు.

బనగానపల్లెను కూడా 1832లో దుష్పరిపాలన కారణంగా మద్రాసు ప్రభుత్వం తన అజమాయిషీలోకి తీసుకుంది. అయితే 1848లో తిరిగి ఇచ్చివేసింది, మరుసటి సంవత్సరం సనదు కూడా ఇచ్చింది. 1901 జనాభా లెక్కల నాటికి అది 255 చదరపు మైళ్ల వైశాల్యం, 32 వేల పైచిలుకు జనంతో, చుట్టూ కర్నూలు జిల్లా ఉండగా మధ్యలో మిగిలిన సంస్థానం. కర్నూలు కలెక్టరే దానికి పొలిటికల్ ఏజెంటు. 1948 ఫిబ్రవరిలో, ఆఖరి నవాబు ఫజల్-ఎ-అలీ ఖాన్ హయాములో, అది మద్రాసు రాష్ట్రంలో విలీనమై కర్నూలు జిల్లాలో చేరింది.