అస్త్రం, మాయ, మంత్రం: తెలుగు కథాలోకంలో మేళవింపు యుద్ధాల పరిణామం

భారతీయ ఇతిహాసాల్లోనూ, వాటి నీడన పెరిగిన తెలుగు జానపద కథల్లోనూ అలౌకిక శక్తి ఒక్క తీరుగా ఉండదు. చేతితో విసిరేదో పొడిచేదో అయిన ఆయుధం శస్త్రం కాగా, ఒక దేవతను అధిష్ఠానంగా చేసుకుని మంత్రబలంతో ప్రయోగించేది అస్త్రం. ఉన్నదాన్ని మరుగుపరచి లేనిదాన్ని కనబరచే విద్య మాయ. తపస్సు చేతనో హోమం చేతనో ఏదో ఒక షరతుతో లభించేది వరం. వీటిలో ప్రతిదానికీ మూలం వేరు, అధికారి వేరు, నియమం వేరు. ఇలాంటి భిన్న విద్యలను ఒకే రణరంగంలో మేళవించే కథనపద్ధతి వాల్మీకి రామాయణం నుంచి నేటి చలనచిత్రం దాకా ఎన్నో మార్పులకు లోనయింది. ఆ మార్పులను వరుసగా పరిశీలిస్తే, ఈ కథల బలం వీరుడు పోగుచేసుకున్న శక్తుల సంఖ్యలో కాక, ఆ శక్తులను కట్టడి చేసే నియమాల్లో ఉందని స్పష్టమవుతుంది.

బాలకాండలో విశ్వామిత్రుడు రాముడికి ముందుగా ఆకలిదప్పులనూ అలసటనూ దరిచేరనీయని బల, అతిబల విద్యలను ఉపదేశించి, తాటక వధ తర్వాత అస్త్రసముదాయాన్ని అప్పగించి, ఆపైన రాముడు కోరగా వాటి ఉపసంహారాన్ని, అనగా ప్రయోగించిన అస్త్రాన్ని వెనక్కు తీసుకునే విధానాన్ని బోధిస్తాడు. దేహాన్ని నిలిపే విద్య, శత్రువును కొట్టే విద్య, కొట్టిన దెబ్బను ఆపే విద్య అనే మూడూ కలిస్తేనే యోధుడు పూర్ణుడవుతాడన్న భావన ఇక్కడ కనిపిస్తుంది.

ఈ మేళవింపును యుద్ధవ్యూహంగా మలచినవాడు ఇంద్రజిత్తు. ఉత్తరకాండను బట్టి అతడు నికుంభిలలో యజ్ఞాలు చేసి, చీకటిని కల్పించే తామసీ మాయనూ, కోరిన చోటికి పోగల రథాన్నీ శివానుగ్రహంగా పొందాడు. యుద్ధానికి ముందు హోమం పూర్తిచేస్తే అతడికి ఓటమి లేదు. అది మధ్యలో ఆగితే మరణం తప్పదు. యుద్ధకాండలో అతడు మొదట మాయతో అదృశ్యుడై సర్పబాణాలతో రామలక్ష్మణులను బంధిస్తాడు. మరోసారి అదే మాయ చాటున నిలిచి బ్రహ్మాస్త్రం ప్రయోగిస్తాడు. ఆ తర్వాత మాయాసీతను సృష్టించి, వానరసైన్యం చూస్తుండగా నరికి, వారు శోకంలో మునిగి ఉండగా హోమానికి వెళతాడు. ఈ ఘట్టంలో మాయ ఎవరినీ చంపదు. హోమానికి కావలసిన వ్యవధిని మాత్రం సంపాదించి పెడుతుంది. ఆ లెక్క తెలిసిన విభీషణుడు హోమాన్ని భంగపరచమని చెప్పడంతో మొత్తం వ్యూహం కూలిపోతుంది. తదనంతర పోరులో లక్ష్మణుడు ఆగ్నేయాన్ని సౌరాస్త్రంతోనూ, ఆసురాన్ని మాహేశ్వరంతోనూ అణచి, చివరకు రాముడి సత్యసంధతను సాక్షిగా నిలిపి ఐంద్రాస్త్రాన్ని వదులుతాడు. అస్త్రానికి సత్యవాక్యాన్ని జోడించిన ఈ ప్రయోగం కూడా ఒక మేళవింపే.

మహాభారతంలో ఈ విద్యల సేకరణ మరింత విస్తరించింది. ఆదిపర్వంలో ఓడిన గంధర్వుడు అంగారపర్ణుడు, లోకంలో కోరినదానిని చూడగల చాక్షుషీ విద్యను అర్జునుడికి ఉపదేశించగా, అర్జునుడు అతడికి ఆగ్నేయాస్త్రం ఇస్తాడు. విద్యలు జాతుల ఎల్లలు దాటి చేతులు మారడం ఇక్కడ గమనించదగిన అంశం. అరణ్యపర్వంలో అర్జునుడు శివుడి నుంచి పాశుపతాన్నీ, దిక్పాలకుల నుంచి వారి వారి అస్త్రాలనూ పొందుతాడు. అయితే మాయకూ అస్త్రానికీ మధ్య అసలు పరీక్ష, తెలుగులో తిక్కన రచించిన ద్రోణపర్వంలో, పద్నాలుగో నాటి రాత్రి జరుగుతుంది. రాత్రివేళ బలం పుంజుకునే రాక్షసమాయతో భీముడి కొడుకు ఘటోత్కచుడు కౌరవసేనను చీల్చి చెండాడగా, అర్జునుడి కోసం దాచుకున్న వాసవీశక్తిని కర్ణుడు గత్యంతరం లేక ఘటోత్కచుడిపై ప్రయోగిస్తాడు. ఒక్కసారికే పనికివచ్చే ఆ ఆయుధం ఖర్చయిపోవడం వల్ల ఘటోత్కచుడి ఓటమి పాండవుల విజయంగా మారుతుంది. కూలిపోతూ కూడా అతడు దేహాన్ని పెంచి శత్రుసేనపై పడడం మాయకు దక్కిన చివరి వినియోగం.

జానపద సంప్రదాయంలోకి వచ్చేసరికి శక్తి గురుపరంపరను వదిలి వస్తువుల్లోకి చేరింది. బుర్రకథగా, సురభి నాటకంగా ప్రసిద్ధి చెందిన బాలనాగమ్మ కథలో మాయల ఫకీరు ప్రాణం ఏడు సముద్రాల అవతల ఒక చిలుకలో ఉంటుంది. మంత్రం రాని బాలనాగమ్మ కొడుకు బాలవర్ధిరాజు అతడిని గెలవగలగడానికి కారణం ఆ రహస్యం తెలియడమూ, దాన్ని చేరే సాహసం ఉండడమూ. ఇంద్రజిత్తుకు హోమం ఎలాంటిదో ఫకీరుకు చిలుక అలాంటిది.

ఈ ధోరణికి తెరమీద పరిపక్వరూపం ఇచ్చింది 1951లో విజయా సంస్థ నిర్మించగా కె.వి. రెడ్డి దర్శకత్వం వహించిన పాతాళ భైరవి. మధిర సుబ్బన్న దీక్షితుల కాశీమజిలీ కథల ఛాయలున్న ఈ చిత్రంలో నేపాళ మాంత్రికుడి మంత్రశక్తి, కోరిన కోర్కె తీర్చే భైరవి ప్రతిమ, కనిపించకుండా చేసే వస్త్రం, కోరిన చోటికి చేర్చే పాదుకలు వేర్వేరు నియమాలతో పనిచేస్తాయి. మాంత్రికుడి బలం గడ్డంలో ఉండగా, అతడి శిష్యుడి వేషంలో వెళ్లిన, కథానాయకుడు తోటరాముడి మిత్రుడు అంజి ఆ గడ్డాన్ని తీయించేస్తాడు. తోటరాముడు ప్రతిమను తిరిగి చేజిక్కించుకుంటాడు. అదే దర్శకుడి మాయాబజార్‌లో (1957) ఘటోత్కచుడి మాయ సంహారాన్ని వదిలి పెళ్లింటి తంత్రంగా మారింది.

1947లో మొదలైన చందమామ పత్రికలో దాసరి సుబ్రహ్మణ్యం ధారావాహికలు మేళవింపును ఇద్దరు మిత్రుల మధ్య పంచాయి. యక్షపర్వతంలో ఖడ్గవర్మ కత్తిసాములో దిట్ట కాగా, జీవదత్తుడు మంత్రదండధారి. ఒకరి లోటును మరొకరు పూరించడమే కథను నడిపే సూత్రం. బి. విఠలాచార్య చిత్రాలు ఈ లోకాన్ని దయ్యాలు, రూపమార్పిళ్లు, కెమెరా చమత్కారాలతో సామాన్య ప్రేక్షకుడికి మరింత చేరువ చేశాయి. 2024లో వచ్చిన కల్కి 2898 ఏడీ చిత్రంలో చిరంజీవి అయిన అశ్వత్థామ యంత్రవాహనంతో వచ్చిన భైరవ అనే యోధుడిని ఎదుర్కొనడం వల్ల పాత విద్యల సరసన యంత్రం కూడా వచ్చి నిలిచింది.

సాంకేతిక నైపుణ్యం పెరిగిన నేడు ఎన్ని శక్తులనైనా తెరమీద చూపవచ్చు. కానీ హోమానికి వ్యవధి, శక్తికి ఒకే ప్రయోగం, ప్రాణానికి చిలుక, మంత్రానికి గడ్డం వంటి హద్దు లేకపోతే వీరుడి తెలివికి పని ఉండదు, ప్రేక్షకుడికి ఉత్కంఠ మిగలదు. కొత్త కల్పనాలోకాలను నిర్మించే తెలుగు రచయితలు ప్రాచీనుల నుంచి అస్త్రాల పేర్లతో పాటు, వాటికి షరతు విధించడంలో వారు చూపిన శ్రద్ధను కూడా స్వీకరించడం అవసరం.