ఇంటర్నేషనల్ గీతము: పుట్టుపూర్వోత్తరములు

రాజాస్థానములలో పుట్టిన గీతములకు కర్తృనామములు శిలాశాసనములవలె నిలిచియుండగా, శ్రామికుల నోట పుట్టిన పాటలు తమ కర్తలను మరపునకు విడిచి, తాము మాత్రము దేశదేశములు తిరుగుచుండుట లోకమున తరచుగా కానవచ్చుచున్నది. ప్రపంచమందలి కార్మికులు తమ సొత్తుగా భావించి, సభ ముగియువేళ లేచి నిలిచి, పిడికిళ్లెత్తి పాడుకొను ఇంటర్నేషనల్ గీతమునకును ఇట్టి గతియే పట్టెను. దానికి పదములు కూర్చినవాడు వస్త్రములపై అచ్చొత్తు చిత్రములను గీయు పనివాడు. దానికి వరుస కట్టినవాడు రైలు ఇంజనుల కర్మాగారమున కొయ్య నమూనాలు చెక్కు పనివాడు. కవి మరణించిన పిమ్మటనే ఆ పదములు స్వరకర్త చేతికి చేరినవి.

యూజీన్ పోతియే 1816 అక్టోబరు 4న పారిస్ నగరమున పేదకుటుంబమున జన్మించెను. తండ్రి సరకులకు పెట్టెలు కట్టువాడు. కుమారుడును బాల్యమున ఆ పనియే చేసి, తరువాత చిత్రలేఖనమును తన వృత్తిగా గైకొనెను. 1830 నాటి విప్లవము పారిస్ వీథులను కుదిపిన యేట పదునాలుగేండ్ల ప్రాయమున తొలిపాట వ్రాసిన ఈ బాలుడు, 1848లో కార్మికులు వీథులలో అడ్డుకట్టలు కట్టి పోరినప్పుడు వారిలో నొకడై నిలిచెను. తన వృత్తివారిని సంఘముగా కూర్చి, కార్ల్ మార్క్సు మొదలగువారు నడపుచుండిన అంతర్జాతీయ కార్మిక సంఘమున చేరెను. గీతమునకు ఆ పేరు వచ్చినది ఈ సంఘమునుండియే.

1871 మార్చిలో పారిస్ కమ్యూను ఏర్పడెను. మొదటిసారిగా ఒక మహానగరమును కార్మికులు తామే పాలించుకొనిన ఆ డెబ్బదిరెండు దినములలో, రొట్టెల బట్టీలలో రాత్రిపని నిషేధింపబడెను; యజమానులు విడిచిపోయిన కార్ఖానాలను పనివారల సంఘములకు అప్పగింపవలెనను శాసనము పుట్టెను. ఏప్రిల్ ఉపయెన్నికలలో పోలైన 3,600 వోట్లలో 3,352 వోట్లు పొంది పోతియే కమ్యూను సభ్యుడయ్యెను. మే మాసాంతమున ప్రభుత్వసేనలు నగరమున ప్రవేశించి, వారము దినములపాటు వీథివీథిని నెత్తుటితో తడిపి, వేలకు వేల స్త్రీపురుషులను కాల్చిచంపినవి.

ఆ మారణహోమము ముగిసిన కొలది దినములకే, జూన్ మాసమున, పోలీసుల కంటబడకుండ పారిస్‌లోనే దాగియున్న పోతియే ఈ గీతమును రచించెను. ఓడిపోయిన పక్షమువాడు, సహచరుల శవములింకను పూర్తిగా పూడ్చబడని కాలమున, విలాపగీతము వ్రాయుట సహజము. కాని ఇందు విలాపము లేదు. రక్షకునికై ఎదురుచూడక స్వశక్తినే నమ్ముకొనుడని అన్నార్తులను పిలుచుటయే దీని జీవము. ఓటమి ప్రక్కన కూర్చుండి ఇంతటి ధైర్యముతో రచింపబడిన గీతము ప్రపంచసాహిత్యమున మరియొకటి నాకు కానరాదు.

ఆరు చరణముల ఆ రచన పదునారేండ్లు అచ్చునకు నోచుకొనలేదు. కవి ఇంగ్లండునకును, అచటినుండి అమెరికాకును పారిపోయెను. 1873లో ఆయన పరోక్షమున మరణశిక్ష విధింపబడెను. 1880 నాటి క్షమాభిక్ష పిమ్మట, పక్షవాతముతో ఒక ప్రక్క చచ్చుబడి, కడు పేదరికమున స్వదేశమునకు తిరిగివచ్చెను. 1887లో మిత్రుల పూనికతో ‘విప్లవగీతములు’ అను సంపుటమున ఈ పాట వెలువడెను. అదేయేట నవంబరు 6న ఆయన కన్నుమూసెను. పేర్ లాషేజ్ శ్మశానమునకు సాగిన అంతిమయాత్రలో ఎర్రజెండాను లాగికొనుటకు పోలీసులు ప్రజలపై దూకిరి.

మరుసటి సంవత్సరము, ఉత్తర ఫ్రాన్సునందలి లీల్ నగరమున, బట్టలమిల్లుల పొగ నడుమ గీతమునకు రెండవ జన్మ కలిగెను. అచటి కార్మిక నాయకుడు గుస్తావ్ దెలోరీ పోతియే సంపుటమును ‘శ్రామికుల వీణ’ అను గాయకబృందమును నడపుచుండిన పియర్ దెజేతేర్ చేతికిచ్చి, తగిన పాట నొకదానిని ఎన్ని వరుస కట్టుమనెను. 1848లో బెల్జియమునందలి గెంట్ పట్టణమున పుట్టి, బాల్యముననే నూలుమిల్లులో చేరిన దెజేతేర్, పగలు పని, రాత్రి సంగీతపాఠశాల అను క్రమమున స్వరజ్ఞానము నార్జించిన మనిషి. ఆయన హార్మోనియము నొద్ద కూర్చుండి కొలది దినములలో వరుస కట్టి, 1888 జూలై 23న వార్తాపత్రికలమ్మువారి సంఘము జరిపిన ఒక సభలో, పానశాల యందే, తన బృందముచే పాడించెను. వెంటనే ఆరువేల ప్రతులు అచ్చయ్యెను. పనినుండి తొలగింతురను భయమున అందు ‘దెజేతేర్’ అను ఇంటిపేరు మాత్రమే వేసిరి. తరువాతి కష్టములకెల్ల ఈ జాగ్రత్తయే బీజమయ్యెను.

1894లో అర్మాన్ గోస్లెన్ అను ఉపాధ్యాయుడు గీతమును పునర్ముద్రింపగా, సైనికులను సేనాపతులపై పురికొల్పు చరణ మొకటి ఇందున్నదని ప్రభుత్వము ఆయనను సంవత్సరము చెరలో పెట్టెను. చెరసాల పాటను ఆపజాలలేదు. 1896లో లీల్ యందు జరిగిన కార్మికపక్ష మహాసభకు వచ్చిన విదేశ ప్రతినిధులు దానిని విని తమతమ దేశములకు గొనిపోయిరి.

పాట ప్రసిద్ధి కెక్కినకొలది కర్తృత్వవివాదము తలయెత్తెను. లీల్ నగరపాలక సంస్థలో కొలువున్న పియర్ తమ్ముడు అదోల్ఫ్ ఆ వరుస తనదేయనెను. ఇంటిపేరొక్కటే కాన కాగితము సాక్ష్యము చెప్పలేకపోయెను. అప్పటికి దెలోరీ లీల్ నగరాధ్యక్షుడై అదోల్ఫునే సమర్థించెను. పియర్ పారిస్ చెంతనున్న సేన్ దెనీకి వలసపోయి, వీథిదీపములు వెలిగించు పనితో పొట్టపోసికొనుచు న్యాయస్థానమెక్కి, 1914లో ఓడిపోయెను. 1916లో అదోల్ఫ్ ఉరివేసికొని మరణించెను. ఆ సంగీతము తాను కూర్చినది కాదనియు, తనకు పని యిచ్చినవారి మాట కాదనలేక అది తనదేయని సంతకము చేసితిననియు అతడు వ్రాసియుంచిన లేఖ అన్న చేతికందెను. ఈ లేఖను చదివినవారెవరికిని అదోల్ఫును నిందింప మనసొప్పదు. జీవనోపాధి మరియొకరి గుప్పిట నుండగా సత్యము పలుకుట ఎంత దుర్భరమో, ఏ గీతము ఎవరి విముక్తికై పుట్టెనో ఆ గీతపు చరిత్రలోనే కానవచ్చుచున్నది. 1922లో ఉన్నత న్యాయస్థానము పియర్ నే కర్తగా నిర్ణయించెను.

ఈలోపల గీతము భూమిని చుట్టివచ్చెను. గనుల శాస్త్రము నభ్యసించిన రష్యను విద్యార్థి అర్కాదీ కోత్స్ 1902లో అనువదించిన మూడు చరణములే 1918 నుండి 1944 వరకు సోవియట్ రాజ్యగీతముగా వెలసినవి. 1923లో చూ చ్యూబాయ్ చీనాభాషలోనికిని, 1927లో కాజీ నజ్రుల్ ఇస్లాం వంగభాషలోనికిని తెచ్చిరి. మాస్కోలో సన్మానమందుకొని, సోవియట్ ప్రభుత్వ భృతితో చివరి దినములు గడపిన దెజేతేర్ 1932 సెప్టెంబరు 26న సేన్ దెనీలో మరణించెను.

మన తెలుగుదేశమునను దశాబ్దములుగా కార్మిక మహాసభలలో ఈ గీతము తెలుగున మ్రోగుచున్నది. పాడువారిలో పలువురకు దీని తొలి కర్తలెవరో తెలియదు. పేరు నిలుపుకొనుటకు ఒక పనివాడు ఇరువదియేండ్లు పోరాడవలసివచ్చిన పాట ఇది. కావున దీనిని క్రొత్తవారికి నేర్పునప్పుడు పోతియే, దెజేతేర్ అను ఆ రెండు పేర్లను, వారు ఏ పని చేసి బ్రతికిరో ఆ విషయమును కూడ తప్పక చెప్పుడని పాఠకులకు నా మనవి.